తువ్వాలు కింద మాట

నేను ఒక తువ్వాలును. తువ్వాలంటే స్నానాల గదిలో కొక్కేనికి వేలాడే బొచ్చుగుడ్డ అనుకోకండి. నేను చీరాల దగ్గర ఒక గుంటమగ్గం మీద పుట్టిన నూలు తువ్వాలును. ముతక నూలు, దిట్టమైన నేత, రెండువైపులా ఎర్రంచు. నన్ను నేసినాయన పేరు నాకు తెలియదు. పుట్టినప్పుడు పట్టుకున్న చేతులు మీకు మాత్రం గుర్తుంటాయా? కానీ ఆయన పడుగు బిగువుగా కట్టాడు, పేక ఒత్తుగా కొట్టాడు. ఇన్నేళ్ళు చిరగకుండా బతికానంటే అది ఆయన చలవే. నేను దండం పెట్టుకోవలసినవాళ్ళలో ఆయన మొదటివాడు.

రెండోవాడు కొత్తమాసు రత్తయ్య. గురవాయిపేట మిర్చి యార్డులో కమిషన్ దుకాణం ఆయనది. ఆయన మొదటిసారి దుకాణంలో కూర్చున్న రోజు వాళ్ళ నాన్న నన్ను కొని భుజాన వేశాడు. వేస్తూ ఒక్క మాట చెప్పాడు.

"ఒరే రత్తయ్యా, దీని కింద ఇచ్చిన మాట దీని కిందనే ఉండాల. ఇంట్లో ఆడాళ్ళకి గూడా చెప్పబాక."

ఆ మాట అర్థం కావాలంటే మీకు యార్డు పద్ధతి తెలియాలి. ఆ రోజుల్లో మిర్చి బేరం నోటితో జరిగేది కాదు. రైతూ వ్యాపారీ కుడిచేతులు కలిపేవారు, పైన తువ్వాలు కప్పేవారు. లోపల వేళ్ళు మాట్లాడుకునేవి. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే ఎంత అన్నది అక్కడ పెరిగినవాళ్ళకే తెలుసు. పైన ముఖాలు మాత్రం ఏమీ ఎరగనట్టు వానల గురించీ, పెళ్ళి సంబంధాల గురించీ కబుర్లు చెప్పుకునేవి. పక్కన నిలబడినవాడికి ధర తెలియకూడదు, అదీ సంగతి. బేరం కుదరకపోతే చెయ్యి జారిపోయేది. కుదిరితే అవతలివాడి అయిదు వేళ్ళూ కలిపి గుప్పిట్లో పెట్టుకుని ఒక్క నొక్కు నొక్కేవారు. దానర్థం ఖాయం. ఆ తర్వాత ధర పెరిగినా తరిగినా వెనక్కి పోకూడదు. ఒక సరుకు మీద ఒక చెయ్యి పడ్డాక ఇంకో చెయ్యి పట్టుకోకూడదు. కాగితం లేదు, సంతకం లేదు, నేనొక్కదాన్నే ఉన్నాను. నేనేమో ఎవరికీ చెప్పలేను. అందుకే మనుషులు నన్ను అంతగా నమ్మారు.

రత్తయ్య చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉండేది. తొందర ఎరగని చెయ్యి. ఎదుటివాడు వేళ్ళతో ఎగిరెగిరి పడుతుంటే తను ఊరుకుని వినేవాడు. ఎన్ని చేతులు ఆ చేతిలోకి వచ్చి వెళ్ళాయో నేను లెక్కపెట్టలేదు గాని, ఒక చెయ్యి మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. అది సైదమ్మది.

సైదమ్మది ఊటుకుంట. ఊరికీ రోడ్డుకీ మధ్య ఎర్రవాగు. వానాకాలంలో అది పొంగితే ఊటుకుంట ఊరు కాదు, లంక. ఆ ఏడు శ్రావణంలో సైదమ్మ భర్తకు విషజ్వరం వచ్చింది. మంచం మీద వాగు ఒడ్డుకు మోసుకొచ్చి, నీళ్ళు తగ్గుతాయేమోనని కూర్చున్నారు. నీళ్ళు తగ్గేసరికి ఆయన లేడు. ఆయన నాటించిన మిరప చేను మాత్రం ఉంది. ఆమె దాన్ని ఒంటిచేత్తో సాకి, కోయించి, ఎండబెట్టి, గోనెబస్తాల్లో తొక్కించి, ఆ టిక్కీలు ఎడ్లబండి మీద వేసుకుని యార్డుకు వచ్చింది.

యార్డులో ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. కాయలకు తొడిమలు తీసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు. బేరానికి చెయ్యి చాపిన ఆడమనిషి మాత్రం అంతవరకు లేదు. సరుకు చూసి వచ్చిన వ్యాపారులంతా ఆమెను చూసి నీళ్ళు నమిలారు. ఒక పెద్ద వ్యాపారి గొంతు సవరించుకున్నాడు.

"నీ మరిదినో తమ్ముడినో పంపియ్యమ్మా. పరాయి ఆడమనిషి చెయ్యి మేమెట్టా పట్టుకుంటాం?"

"నా మరిది అంత పనికొచ్చేవోడైతే ఈ బండి నేనెందుకు తోలుకొస్తానయ్యా," అంది సైదమ్మ.

ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నమైంది. సరుకు వెనక్కి తోలుకుపోవడమో, దళారి చెప్పిన ధరకు అప్పజెప్పడమో తప్ప ఆమెకు దారి లేదు. అప్పుడు రత్తయ్య లేచి భుజం మీది నన్ను దులిపాడు.

"నీ సరుకు నువ్వే అమ్ముకుంటానంటే నీ చెయ్యే పట్టాల గదా అక్కా. రా," అన్నాడు.

యార్డంతా ముక్కున వేలేసుకుంది. నా కిందికి వచ్చిన ఆ చెయ్యి గరుకుగా, కాయల ఘాటుకు పొక్కులెక్కి ఉంది. కానీ వణకలేదు. రత్తయ్య ఒక ధర పెట్టాడు. ఆమె ఆయన వేలు మడిచి వెనక్కి తోసింది. ఆయన ఇంకో కణుపు ఎక్కాడు. ఆమె పైన తీరిగ్గా, "పిల్లలు బాగుండారా శెట్టిగారా," అని అడుగుతూ లోపల ఇంకో రెండు కణుపులు ఎక్కించింది. ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. చివరికి ఖాయం నొక్కు పడింది. ఆ రోజు యార్డులో అంతకంటే మంచి ధర ఎవరికీ రాలేదని నాకు మాత్రమే తెలుసు.

"ఈ వేళ్ళ లెక్క నీకెవరు నేర్పారక్కా?" అని ఆయన ఆగలేక అడిగాడు.

"ఇంకెవురు, ఆయనే. సరుకమ్మి ఇంటికొచ్చినాక, ఇయ్యాల ఎంతకి పోయిందో నా చేతి మీద చూపించేవోడు," అని చెంగుతో ముఖం తుడుచుకుంది.

మర్నాటి నుంచి ఆ మాట ఊళ్ళకు పాకింది. రత్తయ్య దుకాణంలో ఆడమనిషి చేతికీ మగవాడి చేతికీ ఒకటే ధరట అని. మొగుడు తాగుబోతైనవాళ్ళూ, కొడుకులు సరిగ్గా లెక్క చెప్పనివాళ్ళూ నేరుగా వచ్చి నిలబడేవారు. ఆ నమ్మకమే ఆయన్ను మార్కెట్ కమిటీకి తీసుకెళ్ళింది, తర్వాత మునిసిపాలిటీకి, ఆ తర్వాత ఎమ్మెల్యే టికెట్ దాకా. ఆయన కోరుకున్నది దుకాణం పక్కన ఇంకో గోడౌను. ఊరు ఆయన చేతిలో పెట్టింది నియోజకవర్గం.

రాజకీయాల్లో నా ఉద్యోగం మారింది. యార్డులో నేను పనిముట్టును. వేదిక మీద నేను అలంకారం. మెడలో పార్టీ రంగు కండువా వచ్చి చేరింది. కొత్తది, గంజి పొగరు, పట్టుకుంటే రంగు అంటేది. అదీ నేనూ మాట్లాడుకోలేదు. సన్మానాల శాలువాలు వచ్చేవి. ఒక్క పూట మెరిసి పెట్టెలోకి పోయి, ఇంకొకరి సన్మానానికి మళ్ళీ బయలుదేరేవి. వాటిని చూస్తే నాకు జాలి. పాపం, ఒక్క చెమట చుక్క కూడా తుడిచి ఎరగవు.

ఇంకో తమాషా చెప్పాలి. ఏళ్ళ తరబడి మిర్చి దుమ్ములో బతికినదాన్ని కదా, నా పోగుపోగులో ఘాటుంది. రత్తయ్య భార్య శేషారత్నం ఉతుకుతానంటే ఆయన ఇచ్చేవాడు కాడు, దుకాణం కళ పోతుందని. ఆయన పరామర్శలకు వెళ్ళినప్పుడు, ముఖం మీది చెమట నాతో తుడుచుకునేవాడు. అంతే, కళ్ళు ఎర్రబడి నీళ్ళు ధారలు కట్టేవి. చూసినవాళ్ళు చలించిపోయేవారు. మన ఎమ్మెల్యే గుండె వెన్న అని పేపర్లో కూడా వేశారు. నిజానికి ఆయన గుండె మంచిదే. కాకపోతే అంత త్వరగా కరగదు.

ఆయన దుకాణంలో అబద్ధం చెబితే సరుకు వెనక్కి వచ్చేది. రాజకీయంలో చెబితే చప్పట్లు వచ్చాయి. ఆ తేడాకు అలవాటు పడటానికి ఆయనకు కొన్నాళ్ళు పట్టింది. తర్వాత ఆయనా నేర్చుకున్నాడు. చూద్దాం, తప్పకుండా, నాకొదిలెయ్యండి. ఈ మూడు మాటలతో ఒక నియోజకవర్గాన్ని నడపవచ్చని తెలిసి నేనే ఆశ్చర్యపోయాను.

అసలు కథ ఆయన ఎమ్మెల్యేగా నిలబడ్డ ఎన్నికల్లో మొదలైంది. ఎన్నికలు ఎండాకాలంలో వస్తాయి, వాగు వానాకాలంలో వస్తుంది. రెండింటికీ ముఖపరిచయం లేదు. అందుకే ఊటుకుంటకు ప్రచారానికి వచ్చిన ప్రతి నాయకుడూ జీపులో ఎండిన వాగులోంచి హాయిగా దిగి ఎక్కి, అందులో నీళ్ళుంటాయని ఊహించలేక వెళ్ళిపోయేవాడు. రత్తయ్య జీపు ఎదురొడ్డు ఎక్కేసరికి దారికి అడ్డంగా సైదమ్మ నిలబడి ఉంది. తల సగం నెరిసింది. వెనక ఊరి జనం.

"శెట్టిగారా, మాకు వంతెన కావాల."

"తప్పకుండా అక్కా. గెలవంగానే మొదటి పని అదే," అన్నాడు రత్తయ్య అలవాటు కొద్దీ.

"ఆ మాట నీకు ముందొచ్చినోళ్ళు గూడా అన్నారు. ఆ మాట నాకొద్దు. భుజానున్న తువాలు తియ్యి."

జనం నవ్వారు. రత్తయ్య నవ్వలేదు. ఆయన భుజం బిగుసుకోవడం నాకు తెలిసింది. అన్ని ఊళ్ళలో అన్ని మాటలిచ్చాడు గాని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను పరిస్తే అది ప్రచారం కాదు, బేరం.

"బేరమంటే రెండువైపులా సరుకుండాల గదక్కా. నువ్వేమిస్తావు?" అన్నాడు మెల్లగా.

"వంతెన దిగినాక రోడ్డు యాడికి పోవాల? నా చేలోంచే గదా. ఎవురూ నేలియ్యకే గదా ఇన్నేళ్ళూ ఆగింది. ఆ పట్టీ నేనిస్తా. ఊరికే ఇస్తా."

అది ఆమె చేనులో మంచి భాగం. నల్లరేగడి. భర్త చివరిసారి మిరప నాటించిన నేల. ఆ సంగతి రత్తయ్యకూ తెలుసు. ఆయన నన్ను భుజం మీంచి తీశాడు.

చేతులు కలిశాయి. డప్పులు ఆగిపోయాయి. ఆమె ఒక వేలు పట్టుకుంది. ఒక్క వానాకాలం లోపల కావాలని. ఆయన నాలుగు వేళ్ళు ఇచ్చాడు. ఆమె చెయ్యి వదిలేసి వెళ్ళిపోబోయింది. ఆయన గబుక్కున పట్టుకున్నాడు. మూడు ఇచ్చాడు, ఆమె ఒకటి మడిచింది. రెండు. రెండు వానలు చూస్తాను, మూడో వానకు వంతెన ఉండాలని దాని అర్థం. ఆయన చాలాసేపు ఆ రెండు వేళ్ళూ పట్టుకునే ఉన్నాడు. తర్వాత అయిదూ కలిపి నొక్కాడు. ఖాయం.

చూసినవాళ్ళు అదంతా ఓట్ల కోసం ఆడిన వేడుకనుకున్నారు, అది నిజం బేరమని మా ముగ్గురికే తెలుసు. ఆ ఊరిలో ఆయనకు అన్ని ఓట్లూ పడ్డాయని చెప్పను. కానీ గెలిచాడు. ఆ జూన్‌లో తొలకరి పడగానే ఊరంతా దుక్కులు దున్నుకుంటే, సైదమ్మ తన పట్టీని దున్నకుండా వదిలేసింది. అందులో తుంగ మొలిచింది, పల్లేరు మొలిచింది. పక్క చేలవాళ్ళు దానికి ఎమ్మెల్యే మడి అని పేరు పెట్టి నవ్వుకున్నారు. అటువైపు వెళ్ళినప్పుడల్లా రత్తయ్య జీపులోంచి ఆ గడ్డిని చూసేవాడు. చూసి ఎవరికో ఒకరికి ఫోన్ చేసేవాడు.

మొదటి వాన కొలతలతో గడిచింది. ఇంజనీర్లు వచ్చి రంగు కర్రలు పాతి వెళ్ళారు. వాగు వచ్చి ఆ కర్రలు పట్టుకెళ్ళింది. రత్తయ్య రాజధానికీ ఊరికీ తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాడు. వ్యాపారి కదా, ఎవరి దగ్గర ఏ పని ఆగిందో పసిగట్టడం ఆయనకు వచ్చు. ఎట్టకేలకు వంతెనకు డబ్బు మంజూరైంది. రెండో వాన వెలిశాక పని మొదలు పెట్టాలి. అప్పుడు పెద్దాయన దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

జిల్లాలో ఆ పార్టీకి ఆయనే దిక్కు. ఆయన్ను అందరూ పెద్దాయన అనే అంటారు. టికెట్లు ఆయన ఇస్తాడు, పదవులు ఆయన ఇప్పిస్తాడు. గెస్ట్‌హౌస్ వరండాలో పొద్దుటిపూట పేపరు చదువుకుంటూ కూర్చుని ఉన్నాడు. రత్తయ్యను పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ తెప్పించాడు.

"మంత్రివర్గంలో మార్పులున్నాయి రత్తయ్యా. వ్యాపారం తెలిసినోడు కావాలంటున్నారు. మార్కెటింగ్ శాఖ. నీ పేరు చెప్పా."

మార్కెటింగ్ శాఖ అంటే రాష్ట్రంలో ఉన్న యార్డులన్నీ. యార్డులో పుట్టి పెరిగినవాడికి అంతకంటే పెద్ద కల ఏముంటుంది? నాకూ గర్వంగానే అనిపించింది, దాచుకోను.

"ఒక్క చిన్న సంగతి. ఆ ఎర్రవాగు వంతెన ఉంది చూడు, దాన్ని ఎగువకు జరుపుదాం. మా క్వారీ కాడికి. ఇంజనీర్లతో మాట్లాడేశా. నువ్వు ఊ అంటే చాలు."

ఎగువన ఊరు లేదు. పెద్దాయన గ్రానైట్ క్వారీ ఉంది, ఆయన లారీలున్నాయి. ఊటుకుంటకు వంతెన ఇక ఆ తరంలో రాదని అక్కడున్న ఇద్దరికీ తెలుసు. రత్తయ్య తల వంచుకుని గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఊ అంటాడేమోనని నాకు భయం వేసింది. అన్నా నేనేం చెయ్యగలను? ఆ పాత మాట గురించి నోరు విప్పగల సాక్షిని కాను.

పెద్దాయనకు ఆ మౌనం అంగీకారంలా తోచింది. సంతోషంగా కుడిచెయ్యి చాపాడు. రత్తయ్య చెయ్యి కూడా దానంతట అదే లేచింది. ఎన్నేళ్ళ అలవాటో, ఎడమచెయ్యి నా అంచు పట్టుకుని ఆ చేతుల మీదికి లాగింది. అక్కడ ఆగిపోయాడు. నేను సగం కప్పి, సగం వేలాడుతూ ఉన్నాను. నా కిందికి ఇంకో చెయ్యి వచ్చేసింది. ఒకే సరుకు మీద రెండో చెయ్యి. రత్తయ్య నెమ్మదిగా నన్ను వెనక్కి తీసి భుజాన వేసుకుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"క్షమించాలండీ. ఈ సరుకు మీద ఇప్పటికే ఒక చెయ్యి పడింది. నేను ఇంకో చెయ్యి పట్టుకోగూడదు."

పెద్దాయన చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. యార్డు భాష ఆయనకు తెలియదు, కానీ సరుకు అనే మాటా, చెయ్యి అనే మాటా తెలుసు. వాటికి ఆయన ఎరిగిన అర్థం ఒకటే.

"ఎవరిదయ్యా ఆ చెయ్యి?"

"చెప్పగూడదండీ."

"పైనుంచా?" అని గొంతు తగ్గించి, కళ్ళతో రాజధాని వైపు చూపించాడు.

రత్తయ్య ఏమీ అనలేదు. అనకూడదు కాబట్టి అనలేదు. పెద్దాయన దాన్ని అవును అనుకున్నాడు. తనకంటే ముందే ఈ వంతెనను కొనేసిన మహానుభావుడు రాజధానిలో ఎవరో ఉన్నాడనీ, మంత్రి పదవిని కూడా వద్దనిపించేంత పెద్ద చెయ్యి అదనీ తేల్చుకున్నాడు. పొక్కులెక్కిన ఒక రైతమ్మ చెయ్యి ఆయన ఊహకు అందలేదు. ఆయన్ను తప్పు పట్టను, ఆయన పెరిగిన యార్డు వేరు.

"ముందే చెప్పాల్సింది కదండీ రత్తయ్యగారూ. నాకెందుకొచ్చిన గొడవ, ఉన్నచోటే కానివ్వండి," అని లేచి గేటు దాకా వచ్చి సాగనంపాడు. వచ్చేటప్పుడు నువ్వు, వెళ్ళేటప్పుడు మీరు. నా జీవితంలో అంత త్వరగా పెరిగిన ధర నేను చూడలేదు.

వంతెన బతికింది. మంత్రి పదవి పక్క నియోజకవర్గానికి పోయింది. దాంతోపాటు ఒక పుకారు కూడా పుట్టింది. ఆ వంతెన మీద ఎవరిదో పెద్ద చెయ్యి పడిందనీ, రత్తయ్య ఏదో పెద్ద కాంట్రాక్టరుకు అమ్ముడుపోయాడనీ. ఇన్నాళ్ళూ ఆయన పేరు మీద మచ్చ లేదు. యార్డులో పాత నేస్తాలు కూడా, "మనోడు గూడా అంతేనంట," అని చెవులు కొరుక్కున్నారు. ఒక్క మాట చెబితే ఆ మచ్చ పోయేది. తువ్వాలు కింద మాట బయట పెట్టకూడదు గనుక ఆయన చెప్పలేదు. ఇంట్లో కూడా.

భర్తకు మంత్రి పదవి వస్తుందని ముందే చెవిన పడి, శేషారత్నం ప్రమాణ స్వీకారానికని కంచిపట్టు చీర కొని ఉంచింది. దాన్ని మడిచి బీరువా అడుగున పెడుతూ ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పదవి పోతే పోయింది. ఊరంతా దొంగని చూసినట్టు చూస్తంటే నాకు తల కొట్టేసినట్టుగా ఉంది. నాతోనన్నా చెప్పండి, ఎవరి చెయ్యి అది?"

"యార్డు మాట శేషూ. చెప్పగూడదు," అన్నాడాయన. ఆ రాత్రి ఆయన అన్నం సగంలోనే లేచాడు.

మూడో వాన రాకముందే, వేసవి చివర్లో వంతెన పూర్తయింది. సైదమ్మ పట్టీ మీదుగా కంకర రోడ్డు పడింది. ప్రారంభానికి పెద్దాయనే వచ్చి రిబ్బను కత్తిరించాడు. శిలాఫలకం మీద ఆయన పేరు తాటికాయంత, రత్తయ్య పేరు ఆవగింజంత. ఉపన్యాసాల్లో సైదమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు. ఆమె జనంలో వెనకగా నిలబడి, తన చేలో పడిన రోడ్డును చూస్తూ ఉంది. తర్వాత తల తిప్పి రత్తయ్య భుజం మీది నన్ను చూసింది. పలకరించలేదు, దండం పెట్టలేదు. ఊరికే చూసింది. రత్తయ్య తల కొంచెం వంచాడు.

ఆ చూపు ఒక్క శేషారత్నం కంటపడింది. ఆమె ముందు సైదమ్మను చూసింది, తర్వాత రోడ్డును చూసింది, తర్వాత నన్ను చూసింది. తెలివైన మనిషి. కారులో తిరిగొస్తూ నా అంచు సరిచేసి, "ఇంటికి పోయినాక ఇది ఇయ్యండి, ఉతుకుతా," అంది. ఆయన మారుమాట లేకుండా ఇచ్చాడు. కుంకుడురసంలో నానబెట్టి ఆమె నన్ను ఉతికిన తీరు ఇప్పటికీ తలుచుకుంటాను. గుడ్డను ఉతికినట్టు లేదు, పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టుంది.

తర్వాతి ఎన్నికల్లో రత్తయ్యకు టికెట్ రాలేదు. ఆయన యార్డుకు తిరిగి వచ్చి దుకాణం తాళం తీసుకున్నాడు. అప్పటికి యార్డు మారిపోయింది. ధరలు తెర మీద ఎర్ర అంకెల్లో అందరికీ కనిపిస్తున్నాయి. రైతు ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. మంచిదే, నాకేమీ బాధ లేదు. ఆడమనిషి అయినా మగమనిషి అయినా తెరకు ఒకటే. పుకారు కూడా వయసు మీరి దానంతట అదే చచ్చిపోయింది. దాన్ని నమ్మినవాళ్ళే మళ్ళీ ఆయన దుకాణానికి సరుకు తోలుకొచ్చారు. మనుషులు అలాగే ఉంటారు, అదీ మంచిదే.

ఏళ్ళు గడిచాయి. నేను మెత్తబడ్డాను, ఎర్రంచు వెలిసిపోయింది. ఒక వానాకాలం, మిరప నారు పోసే రోజుల్లో, రత్తయ్య నారుమళ్ళు చూడ్డానికి ఊటుకుంట వెళ్ళి ముసురులో చిక్కుకున్నాడు. సైదమ్మ ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. పురిటికి వచ్చిన మనవరాలు కోటేశ్వరి లోపల పడుకుని ఉంది. టీ తాగుతుండగానే ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. ఇల్లంతా హడావిడి. ఆటో వచ్చింది. దిండ్లు ఎక్కించారు. సైదమ్మ ఆటోలో కాలు పెట్టబోయి ఆగింది. పుట్టిన బిడ్డను కొత్త గుడ్డలో చుట్టరు కదా, మెత్తటి పాతగుడ్డ కావాలి. చుట్టూ చూసి రత్తయ్య దగ్గరకు వచ్చింది.

"శెట్టిగారా, ఆ తువాలు ఇటియ్యి."

ఆయన భుజం మీంచి తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు. వానలో ఒట్టి భుజంతో అరుగు మీద నిలబడి మా ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు. అదే నేను ఆయన్ను ఆఖరిసారి చూడటం. ఆయన భుజం మీద గడిపిన బతుకు నాది. అంతకంటే మంచి భుజం ఏ తువ్వాలుకూ దొరికి ఉండదు.

వాగు పొంగి పారుతోంది. చెట్లూ కొమ్మలూ కొట్టుకొస్తున్నాయి. ఎర్రటి నీళ్ళు వంతెన స్తంభాలను కొడుతున్న చప్పుడు సైదమ్మ ఒళ్ళో ఉన్న నాకు వినిపించింది. ఆటోలో ఇంకెవరూ అటు చూడలేదు. ఫ్లాస్కు మర్చిపోయింది నువ్వంటే నువ్వని కోటేశ్వరి తల్లీ, పిన్నీ తగవులాడుకుంటున్నారు. డ్రైవరు వేగం కూడా తగ్గించలేదు. సైదమ్మ చేను మీది రోడ్డు ఎప్పుడు దాటామో, వంతెన ఎప్పుడు ఎక్కామో, ఎప్పుడు దిగామో వాళ్ళకు తెలియనే లేదు.

సాయంత్రానికి పాప పుట్టింది. ఆస్పత్రిలో నర్సమ్మ ఆ ప్రాంతానికి కొత్త. పాపను తుడిచి తెచ్చి సైదమ్మ పరిచిన నాలో పడుకోబెట్టింది. ఇంత వెచ్చని బరువు ఎప్పుడూ నాలోకి రాలేదు. నర్సమ్మ కిటికీలోంచి వానను చూసి, ఊరి పేరు అడిగి, ఆశ్చర్యపోయింది.

"అటువైపు వాగులన్నీ పొంగాయంటున్నారే. ఈ వానలో ఎలా వచ్చారమ్మా?"

సైదమ్మ నన్ను పాప చుట్టూ తిప్పి, కొస లోపలికి దోపుతూ, ఇదేం ప్రశ్న అన్నట్టు తలెత్తి చూసింది.

"ఎట్టా వస్తాం తల్లీ, రోడ్డు మీద వచ్చాం."